మారేడుమిల్లి దారిలో కోడీ, పందీ

సామర్లకోట నుంచి రాజమండ్రి వైపు రైల్లో వస్తూ కిటికీ పక్కన కూర్చుంటే, అనపర్తి చుట్టుపక్కల పొలాల మధ్య పొడవాటి షెడ్లు కనిపిస్తాయి. పైన రేకులు, పక్కల ఇనుప వల. ఒక్కో షెడ్డులో వేల కోళ్లు, బోనుకు మూడో నాలుగో చొప్పున. పెట్టిన గుడ్డు పెట్టినట్టే వాలుగా ఉన్న తీగల మీద దొర్లి బోను బయటికి వచ్చేస్తుంది. తల్లికి దాని మీద కూర్చునే యోగం లేదు, కూర్చోవాలన్న బుద్ధి కూడా ఆ జాతిలో మిగల్లేదు. ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టడమే దాని పని. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో కోళ్లు, బాతులు అన్నీ కలిపి 10.78 కోట్లు తేలాయి. తమిళనాడు తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. మూడోది తెలంగాణ. ఆ లెక్కలో సింహభాగం ఇలాంటి షెడ్లదే.

రాజమండ్రిలో దిగి గోకవరం మీదుగా రంపచోడవరం బస్సెక్కితే లెక్క మారిపోతుంది. సీటు కింద చేతిసంచి, అందులోంచి తల మాత్రం బయటపెట్టిన పుంజు. దానికి టికెట్ కొట్టాలా వద్దా అన్నది ఆ పూట కండక్టరు మనసును బట్టి ఉంటుంది. సంచీ పట్టుకున్న మనిషి సంతకు వెళ్తున్నాడో, చుట్టాలింటికి వెళ్తున్నాడో పుంజుని చూస్తే చెప్పలేం. ఏజెన్సీలో కోడి రెండింటికీ పనికొస్తుంది.

రంపచోడవరం నుంచి మారేడుమిల్లికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడవునా, ముఖ్యంగా మారేడుమిల్లి దగ్గరపడే కొద్దీ, నిప్పుల మీద వెదురు బొంగులు వరసగా కాలుతుంటాయి. శని, ఆదివారాల్లో హైదరాబాద్, విజయవాడ కార్లు బారులు తీరుతాయి. 'బొంగు చికెన్' తినకుండా వెళ్లేవాడు అరుదు. బొంగు అడవిదే, వండే చేయి కూడా ఇక్కడిదే, ఆ రుచికి వంక పెట్టలేం. కాకపోతే ఆ బొంగులోకి వెళ్లేది చాలావరకు కింద మైదానం నుంచి వచ్చిన బాయిలరే. నాటుకోడి ముక్క ఉడకడానికి పట్టేంత సేపు కార్లు ఆగవు. అలా బాయిలర్ కోడి కొండెక్కుతుంటే, కొండ మీద పుట్టిన నాటుకోడి సంతలో బేరమై కొండ దిగుతోంది.

ఆ నాటుకోడి ఎక్కడ పెరిగిందో చూడాలంటే తారురోడ్డు వదిలి లోపలికి నడవాలి.

ఈ కొండల్లో ఉండేది ఎక్కువగా కొండరెడ్లు, కోయలు. కొండరెడ్ల మాట తెలుగే, యాస మాత్రం వాళ్లదే. వాళ్లదే ఒక పదిహేను ఇళ్ల ఊరు. వెదురు తడికల మీద మట్టి మెత్తిన గోడలు, అలికిన అరుగులు, ప్రతి ఇంటి పెరట్లో పనసో మామిడో. ఒక ఇంట్లో ముసలవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు బడి పిల్లలు. జీవాల సంగతికొస్తే రెండు పుంజులు, ఆరు పెట్టలు, వాటి వెనక తిరిగే పిల్లలు, దొడ్డిలో ఒక ఆడపంది, పెరుగుతున్న పందులు రెండు. కొండ మీద పోడు, కింద కొంచెం వరి. కొడుకు పోడుకో కూలికో పోతాడు. కోళ్లు మాత్రం పూర్తిగా అవ్వా కోడళ్ల చేతుల్లోనే ఉంటాయి. అమ్మకం కూడా వాళ్లదే, ఆ డబ్బు ఎక్కడ దాచారని మగవాళ్లు అడగరు. అడిగినా జవాబు రాదు.

తెల్లవారుతూనే కోడలు వెదురు గూటి తలుపు తీస్తుంది. అయితే అన్నిటినీ ఒక్కసారి వదలదు. ఒక్కో పెట్టనీ పట్టుకుని, తోక కింద చిటికెన వేలితో తడిమి చూస్తుంది. గుడ్డు తగిలితే దాన్ని గంప కింద మూసేస్తుంది, లేకపోతే వదిలేస్తుంది. మూయకపోతే పొదల్లో ఎక్కడో పెట్టి వస్తుంది, అప్పుడు ఆ గుడ్డు పాముకో ముంగిసకో దక్కుతుంది. వదిలిన కోళ్లకు గుప్పెడు నూకలు, చోళ్లు చల్లితే అదే పొద్దుటి మేత. మిగతాదంతా అవే సంపాదించుకోవాలి. పురుగు, ఆకు, రాలిన గింజ, పశువుల పేడలో దొరికేది. కొన్న దాణా అన్న మాట ఆ ఇంట్లో లేదు. ఈ కోళ్లు షెడ్డు కోళ్లన్ని గుడ్లు పెట్టకపోయినా నష్టం రాకపోవడానికి కారణం అదే.

నాటుపెట్ట విడతకు పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెడుతుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం కలిపితే యాభై అటూ ఇటూ. ఆ ఇంట్లో పెద్దవాళ్లు గుడ్డు తినడం తక్కువ. చంటిబిడ్డకో, బాలింతకో, జ్వరపడ్డవాళ్లకో ఇస్తారు. మిగతావి పొదగడానికే. విడత అయిపోయాక పెట్ట పొదుగుకు వస్తుంది. ఒళ్లు వేడెక్కి, ఈకలు ఉబ్బించి, చేయి పెడితే పొడుస్తుంది. అవ్వ పాత బుట్టలో బూడిద పరిచి, దాని మీద ఎండుగడ్డి, గడ్డి మధ్యలో వావిలాకు రెండు రెమ్మలు వేస్తుంది. వావిలి వాసనకు కోడిపేలు దూరంగా ఉంటాయి. గుడ్లను ఒక్కొక్కటీ ఎండకేసి పట్టి చూసి, నెర్రె ఉన్నవీ మరీ పాతవీ పక్కనపెడుతుంది. చివరికి బుట్టలో ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు. ఉరుము ఉరిమితే గుడ్లు చెడిపోకుండా అట. మేకు వల్ల లాభం ఉందో లేదో గానీ నష్టమైతే లేదు. వావిలాకు, బూడిద సంగతి వేరు, వాటి ఉపయోగం ఏ పశువైద్యుడైనా ఒప్పుకుంటాడు. పెట్టను ఎక్కించేది పొద్దుగూకాకే. చీకట్లో అయితే కదలకుండా కుదురుకుంటుంది. ఇరవై ఒక్క రోజులు. రోజుకొకసారి దిగి గింజ తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది.

పిల్లలు దిగిన మొదటి వారాలే గండం. పైన గద్ద, పక్కన కాకి, రాత్రయితే అడవిపిల్లి. ఆ వయసు పిల్లల పోషణకు ప్రోటీన్ కావాలని పుస్తకాల్లో ఉంటుంది. ఈ ఊళ్లో దానికో ఉపాయం ఉంది. పాత కుండలో ఎండు పేడ, చితికిన గడ్డి కుక్కి, కాస్త నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తారు. పొద్దుటికి కుండ నిండా చెదపురుగులు. దాన్ని తెచ్చి పెరట్లో దులిపితే, తల్లికోడి పిలుపుకి పిల్లలన్నీ పరిగెత్తుకొచ్చి నిమిషాల్లో ఖాళీ చేసేస్తాయి. పైసా ఖర్చు లేదు, ఇంటికి చెదల బెడద కొంత తగ్గుతుంది కూడా.

కోళ్లు లేని ఇంటికి కోళ్లు వచ్చే దారి కూడా ఇక్కడ పాతదే. దాని పేరు వాటా. కోళ్లున్నామె ఒక పెట్టను లేనామెకు ఇస్తుంది. తీసుకున్నామె సాకుతుంది, పొదిగిస్తుంది, దిగిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. కాగితం లేదు, వడ్డీ లేదు. పిల్లలు చచ్చిపోతే నష్టం ఇద్దరిదీ. 1990ల నుంచి తూర్పు గోదావరి ఏజెన్సీలో పనిచేసిన ఆంత్ర అనే సంస్థ ఈ పద్ధతిని పట్టించుకుంది. పశువైద్యులైన సాగరి రాందాస్, నిత్యా ఘోట్గే స్థాపించిన సంస్థ అది. వాళ్లు ఇక్కడి అసీల్ జాతి కోళ్లు ఎందుకు తగ్గిపోతున్నాయని ఆడవాళ్లనే అడిగారు. రోగాలే మొదటి కారణమని తేలింది. దాంతో ఊళ్లోని ఆడవాళ్లకే టీకాలు వేయడం నేర్పి, వాటా పద్ధతి మీదనే కోళ్లను మళ్లీ ఇళ్లకు చేర్చారు. బయటి నుంచి కొత్త జాతి తెచ్చి పంచడం కంటే అది తెలివైన పని.

కొత్త జాతులు పనికిరానివని కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ తయారుచేసింది. చూడ్డానికి నాటుకోళ్లే, రంగురంగుల ఈకలు. వనరాజా పెట్ట పెరట్లో తిరుగుతూనే ఏడాదికి నూటికి పైగా గుడ్లు పెడుతుంది. నాటుకోడికి అది రెట్టింపు. మైదానంలో, పట్టణాల అంచుల్లో వీటితో బాగుపడిన ఇళ్లున్నాయి. కొండ మీదకి వచ్చేసరికి రెండు చిక్కులు. ఒకటి, ఒళ్లు బరువు. గద్ద నీడ కనబడగానే అసీల్ పెట్ట చూరెక్కుతుంది, ఇది ఎక్కలేదు. రెండోది అసలు చిక్కు. ఇది పొదగదు. పొదగని కోడి చచ్చిపోతే మళ్లీ పిల్లల కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ ఊరి అవ్వ మాటల్లో, "గుడ్లు బాగానే పెట్టాయి సారూ. ఒక్కటీ గుడ్ల మీద కూకోలేదు. రెండేళ్లకి గూడు ఖాళీ."

అసీల్ పుంజుకి ఇంకో గిరాకీ ఉంది. కాకి, డేగ, నెమలి, పర్ల, సేతు అంటూ ఈక రంగును బట్టి పేర్లు పెట్టి, పుట్టిన తిథులూ పోరాడే దిక్కులూ లెక్కలు కట్టే కుక్కుట శాస్త్రం గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తేం కాదు. దసరా దాటగానే దళారులు కొండ ఊళ్లకు వస్తారు. మాంసం ధరకు రెట్టింపు, మూడింతలు ఇచ్చి పుంజుని పట్టుకుపోతారు. కింద దానికి బాదం పప్పు, కీమా పెట్టి సంక్రాంతికి బరిలోకి దించితే ధర ఎక్కడికో పోతుంది. కోడిపందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారమూ, 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం ప్రకారమూ నేరమే. ఆ సంగతి బరుల దగ్గర ఎవరికీ గుర్తుండదు. కొండ ఊరికి మాత్రం ఒక నష్టం మిగులుతోంది. మేలైన పుంజులన్నీ దిగిపోతే పెట్టలకు దక్కేది మిగులు పుంజే. తెలిసిన ఆడవాళ్లు ఒక మంచి పుంజుని ఎంత ధర పలికినా అమ్మకుండా ఉంచుకుంటారు.

ఇక పంది. గుడిసె వెనక దుంగలు అడ్డంగా పేర్చిన దొడ్డి. కోతలైపోయాక పందులు ఊరి చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతాయి. చేలో పైరున్నప్పుడు మాత్రం దొడ్డి దాటనివ్వరు, దాటితే తగువు. ఎవరి పంది ఏదో చెవికి పెట్టిన కోతను బట్టి చెప్పేస్తారు. పొద్దున్నే మసిపట్టిన కుండలో గంజి, తవుడు, కర్రపెండలం తొక్కలు, చేమాకులు, కూరల చెత్త వేసి ఉడికిస్తారు. ఆ కుడితి వాసనకే దొడ్డిలో గోల మొదలవుతుంది. వేసవిలో మామిడి, పనస రాలే రోజుల్లో కుండ పెట్టే పనే ఉండదు. చెట్ల కిందే అవి కొవ్వు పట్టేస్తాయి.

ఆడపంది చూలు 114 రోజులు. మూడు నెలల మూడు వారాల మూడు రోజులని లెక్క పెట్టుకుంటే గుర్తుంటుంది. ఈనే ముందు ఆకులూ అలములూ నోట కరుచుకొచ్చి తనే పక్క పరుచుకుంటుంది. నాటుపంది ఈతకు అయిదారు పిల్లలు. మొదటి రెండు మూడు రోజుల్లోనే ఒక్కో పిల్ల ఒక్కో చన్నును తనదిగా చేసుకుంటుంది, ఆ తర్వాత వాటాలు మారవు. సిమెంటు గచ్చు మీద పెంచే పెద్ద ఫారాల్లో పిల్లలకు మొదటి వారంలోనే ఇనుము ఇంజెక్షన్ తప్పనిసరి, లేకపోతే రక్తం లేక పాలిపోతాయి. తల్లిపాలలో ఇనుము చాలదు మరి. ఇక్కడి పిల్లలు పుట్టిన కొద్దిరోజులకే మట్టిలో మూతి పెట్టి తవ్వుతాయి. వాటికి కావలసింది ఆ ఎర్రమట్టిలోనే దొరుకుతుంది.

కోడి రోజువారీ ఖర్చు. ఉప్పు, నూనె, పిల్లల నోటుపుస్తకాలు, ఆసుపత్రి ఆటో. పంది ఇంటికి చిట్టీ పాట లాంటిది. నెలనెలా కుడితి పోస్తూ ఉంటే, పెళ్లికో కర్మకో ఒక్కసారి పెద్ద మొత్తం చేతికొస్తుంది. అమ్మేటప్పుడు కాటా లేదు, కంటి లెక్కే. ఊళ్లోనే కోస్తే మాంసాన్ని అడ్డాకుల మీద పోగులు పెడతారు. ప్రతి పోగులో కండ, కొవ్వు, ఎముక, కార్జం కాస్త కాస్త పడాలి. పోగు తీసుకున్నవాళ్లు డబ్బు అప్పుడే ఇవ్వక్కర్లేదు, పంటకి ఇచ్చినా సరే. భూమి పండగా, కొత్త పంట తినే కొత్తల పండగా కోడీ పందీ లేకుండా జరగవు. 1940ల్లో గోదావరి లోయలో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం రాసిన హైమన్‌డార్ఫ్ ఈ బలుల గురించి వివరంగానే రాశాడు. మైదానంలో పందులు పెంచే ఎరుకలవారిని ఊరవతలకి నెట్టిన చిన్నచూపు ఈ కొండల్లో కనబడదు. ఇక్కడ పందిది ఇంటి జీవాల్లో గౌరవమైన స్థానమే.

అయితే తిరిగే పందితో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. మనుషులు బయలుకు వెళ్లే చోట పందులు మేస్తే బద్దెపురుగు గుడ్లు వాటి కడుపులోకి చేరి, కండలో బియ్యపు గింజంత తెల్లటి తిత్తులవుతాయి. ఆ మాంసం సరిగా ఉడక్కుండా తింటే మనిషి పేగుల్లో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో వచ్చే గుడ్లు మురికి చేతుల ద్వారా, నీళ్ల ద్వారా మళ్లీ నోట్లోకి పోతే తిత్తులు మెదడులో కూడా చేరతాయి. మన దేశంలో మూర్ఛలకు ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. మరుగుదొడ్డి వాడటం, పందిని దొడ్డిలో ఉంచడం, ముక్క బాగా ఉడికించడం, దీన్ని ఆపడానికి ఈ మూడూ ముఖ్యం. ఈ ఊళ్లో మరుగుదొడ్లు కట్టారు. కొన్నింట్లో కట్టెలున్నాయి.

2020లో మన దేశంలో మొదటిసారి అస్సాం, అరుణాచల్‌లో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇంకో భయం. అది మనుషులకు రాదు, వచ్చిన పందిని మాత్రం దాదాపు బతకనివ్వదు. మన రైతు చేతిలో దానికి టీకా లేదు. హోటళ్ల నుంచి తెచ్చిన ఎంగిలిని ఉడికించకుండా పందులకు పోయడం అది పాకే దారుల్లో ఒకటి. కుడితిని పొయ్యి మీద ఉడికించే ఈ అవ్వల పాత అలవాటు ఆ విషయంలో మేలే చేస్తోంది.

కోళ్ల సంగతిలో శత్రువు పాతదే, దానికి టీకా కూడా ఉంది. అదే కొక్కెర తెగులు, పుస్తకాల్లో రాణీఖేత్. కోడి మందగించి, రెక్కలు వాల్చి, ఆకుపచ్చగా పారి, నోరు తెరిచి శ్వాస లాగుతుంది. కొన్నింటికి మెడ మెలి తిరిగిపోతుంది. ఒక ఇంట్లో మొదలైతే వారం పదిరోజుల్లో ఊరి గూళ్లన్నీ ఖాళీ అవుతాయి. ఒకటి మందగించగానే మిగతావాటిని సంతకు తోలుకెళ్లి అమ్మేయడం అందరూ చేసే పనే, దాంతో తెగులు కూడా సంత నుంచి పది ఊళ్లకు వెళ్తుంది. పెట్టలన్నీ పోతే ఆ ఇల్లాలి చేతిలో డబ్బు ఆడటం ఆగిపోతుంది. మళ్లీ వాటాకి ఒక పెట్టను తెచ్చుకుని, పొదిగించి, మునుపటి స్థితికి రావడానికి ఏడాది చాలదు.

దీనికి టీకా ఎంత సులువో చూడాలంటే చీకటితోనే లేవాలి. గూళ్లు తెరిచాక కోడి దొరకదు. అందుకే పశువైద్యశాల మనిషి ముందురోజు రాత్రే ఊరికి చేరాడు. ఐసు ముక్కల మధ్య టీకా సీసాలు, థర్మాస్ ఫ్లాస్కు, సెల్‌ఫోన్ లైటు. అవ్వ గూట్లోంచి ఒక్కోటి తీసి అందిస్తోంది. వారం దాటిన పిల్లకు కంట్లో ఒక చుక్క. అది రెప్ప వేసి చుక్కను లోపలికి తీసుకునే దాకా పట్టుకుని వదలాలి. రెండు నెలలు దాటినదానికి రెక్క దగ్గర చర్మం కింద సూది. ఒక్కో కోడికి పట్టేది అర నిమిషం. మందగించిన కోడి ఒకటి కనిపిస్తే దాన్ని పక్కన పెట్టించాడు. టీకా రోగం రాకుండా ఆపుతుంది, వచ్చిన రోగాన్ని తగ్గించదు.

చిక్కు సూదిలో లేదు, సీసాలో ఉంది. ఒక్కో సీసాలో వంద మోతాదులు. పొడి మందును ద్రావణంలో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయడమే. ఊరంతా కలిసి వస్తే సీసా వృథా కాదు. మూడు ఇళ్లే వస్తే ముప్పై కోళ్లకు వేసి మిగతాది నేలపాలు. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లబడకపోయినా, దారిలో ఐసు కరిగిపోయినా సీసాలో మిగిలేది నీళ్లే. ఎండాకాలం ముందు, తెగులు మొదలుకాక ముందే పడాల్సిన ఈ చుక్క చాలా ఊళ్లకు కోళ్లు చచ్చాక వస్తోంది, కొన్నింటికి అసలు రావడమే లేదు.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు రాష్ట్రమంతా కదిలింది. కలెక్టర్లు, రాపిడ్ రెస్పాన్స్ టీములు, ఆంక్షల వలయాలు. కదలాల్సిందే, అది పెద్ద జబ్బు. కొక్కెర తెగులు ఏటా కొండ ఊళ్లను ఖాళీ చేస్తుంటే మాత్రం ఎక్కడా వార్త రాదు. 2019 లెక్కల్లో దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు, అంతకు ముందు గణనతో పోలిస్తే 46 శాతం దాకా పెరిగాయి. అదే గణనలో పందులు 12 శాతం తగ్గి 90.6 లక్షలకు దిగాయి. అంటే పేద ఇంటి ఆసరా మరింతగా కోడి మీద పడుతోంది.

ఏజెన్సీ ఊరికి పథకం పేరుతో కోడిపిల్లల బుట్టలు పంపే అధికారులూ, స్వచ్ఛంద సంస్థలూ ముందు ఒక పని చేయాలి. ఆ ఊళ్లో ఇప్పటికే ఉన్న కోళ్లకు ఏడాదికి రెండుసార్లు, ఊరంతటికీ ఒకే తెల్లవారుజామున టీకా వేయించాలి. చదువు వచ్చిన ఒక అమ్మాయికి చుక్క వేయడం, సూది పట్టడం నేర్పి, సీసాలకూ ఐసుకూ డబ్బు కేటాయించాలి. అది చేయలేకపోతే కొత్త పిల్లల్ని పంపకపోవడమే మంచిది. ఇంట్లో కోళ్లున్నవాళ్లు మందగించిన కోడిని సంతకు పట్టుకెళ్లకండి. పశువుల అంబులెన్స్ కోసం ఫోన్ చేయాల్సిన నంబరు 1962.